పెరటికోళ్లపై దాడిచేసే వేటజీవుల గుర్తింపు: నాదర్‌గుల్ పరిసరాల ఆధారంగా చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం

పల్లె పెరట్లో కోడి మాయమైనప్పుడు దానిని ఎత్తుకుపోయిన జీవి ఏదో తేల్చడం పైకి చిన్న విషయంగా కనిపిస్తుంది. కానీ ఆ నిర్ణయం మీద ఒకవైపు ఇంటి ఇల్లాలి చేతిసొమ్ము, మరోవైపు నింద పడిన జంతువు ప్రాణం ఆధారపడి ఉంటాయి. హైదరాబాదు ఆగ్నేయపు అంచున ఉన్న నాదర్‌గుల్ పరిసరాలను ఆధారంగా చేసుకొని, ఈ గుర్తింపు తెలుగు మాటల్లోనూ, పంతొమ్మిదో శతాబ్దపు ప్రకృతి శాస్త్ర గ్రంథాల్లోనూ, నేటి కోళ్ల పరిశోధనలోనూ ఏయే రూపాల్లో నిలిచిందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. గుర్తింపు అనేది ఆనవాళ్లను చదివే విద్య అనీ, నేల స్వరూపం మారినప్పుడు ఆ విద్య చెదిరి పాత నిందలు మాత్రం మిగిలాయనీ ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: నాదర్‌గుల్, పెరటికోళ్లు, బావురుపిల్లి, మానుపిల్లి, ముంగిస, గద్ద, జెర్డన్, నీతిచంద్రిక, వనరాజా.

1. ఉపోద్ఘాతం

వ్యవసాయ చరిత్ర రచనలో భూమి, నీరు, పశువు, పన్ను ప్రధానాంశాలుగా నిలిచాయి. పెరటికోడి వాటి సరసన చేరలేదు. దానికి శిస్తు లేదు, పట్టా లేదు, సంతలో పెద్ద లెక్కా లేదు. అయినా పేద ఇంట్లో అత్యవసరానికి ముందుగా చేతికొచ్చే సొమ్ము అదే. చుట్టానికి కూర, పిల్లవాడి మందుకు డబ్బు, గ్రామదేవతకు మొక్కు ఆ గంప కిందనుంచే వస్తాయి. 2019లో జరిగిన 20వ పశుగణన ప్రకారం దేశంలోని కోళ్లు మొదలైన పెంపుడు పక్షుల సంఖ్య సుమారు 85 కోట్లు. వాటిలో పెరటి పక్షులు 31 కోట్లకు పైబడ్డాయి. 2012తో పోలిస్తే పెరటి పక్షుల సంఖ్య దాదాపు 46 శాతం పెరిగింది. ఈ లెక్కలను బట్టి పెరటికోడిని గతించిన గ్రామజీవనపు అవశేషంగా భావించడం సరికాదు.

పెరటికోడికి రోగం మొదటి శత్రువు, వేటజీవి రెండవ శత్రువు. రోగం గురించి పశువైద్య శాస్త్రం చాలా రాసింది. వేటజీవుల గురించిన జ్ఞానం మాత్రం ఎక్కువగా నోటిమాటగానే, అందులోనూ స్త్రీల నోట, ఉండిపోయింది.

2. నాదర్‌గుల్: నేల, పెరడు

నాదర్‌గుల్ రంగారెడ్డి జిల్లాలోని గ్రామం. ఒకప్పుడు సరూర్‌నగర్ మండలంలో ఉండి, 2016 జిల్లాల పునర్వ్యవస్థీకరణ తరువాత బాలాపూర్ మండలంలోకి వచ్చింది. అనంతరం బడంగ్‌పేట పురపాలక పరిధిలో చేరింది. దక్కన్ పీఠభూమికి సహజమైన గ్రానైటు గుండ్లు, వాటి మధ్య చెరువులు, తుమ్మ, రేగు, సీతాఫలపు పొదలు, గట్ల మీద తాటిచెట్లు ఈ ప్రాంతపు భూస్వరూపం. ఇక్కడి విమాన శిక్షణ మైదానం వల్ల కొంత గడ్డినేల ఖాళీగా మిగిలింది. ఉత్తరాన వనస్థలిపురం దగ్గరి మహావీర్ హరిణ వనస్థలి ఒకప్పుడు నిజాం ప్రభువుల వేటభూమి. వర్ధమాన మహావీరుని 2500వ నిర్వాణ వత్సరమైన 1975లో దానికి ఆ పేరు పెట్టారు.

ఇటువంటి నేలలో పెరడు, పొద పక్కపక్కనే ఉంటాయి. రాతిగుండ్ల సందులు బావురుపిల్లికి, ముంగిసకు, ఉడుముకు ఆశ్రయం. తాటిచెట్టు గద్దకు ఆసనం. చెరువుగట్టు నక్కకు దారి. కోడి పగలంతా ఈ సరిహద్దు మీదనే మేస్తుంది, గింజ కోసం పొదలోకీ వెళ్తుంది. పెరటికోళ్ల పెంపకంలో దాణా ఖర్చు లేకపోవడానికి ఈ తిరుగుడే కారణం, వేటజీవికి చిక్కడానికీ ఇదే కారణం. ఈ రెండింటినీ విడదీయలేము.

3. సాహిత్యంలో పుంజు, పెరట్లో పెట్ట

తెలుగు సాహిత్యం కోడిని పట్టించుకోలేదనడం న్యాయం కాదు. శ్రీనాథుని పల్నాటి వీరచరిత్రలో కోడిపందెం రాజ్యాల గతిని మార్చింది. క్రీడాభిరామం ఓరుగల్లు వీధుల్లో కోడిపందేన్ని వర్ణించింది. పుంజుల రంగులు, జాతులు, పందేనికి అనుకూలమైన వేళలు చెప్పే కుక్కుటశాస్త్రం ఒక ప్రత్యేక సంప్రదాయంగా వ్యాపించింది. వీటన్నిటిలో కనిపించేది పందెపు బరిలోని పుంజు. దాని శత్రువు మరొక పుంజు.

పెరట్లోని పెట్ట పరిస్థితి వేరు. గుడ్లు పొదిగి, పిల్లలను వెంటేసుకొని తిరిగే పెట్టకు ఆకాశం నుంచి, పొద నుంచి, కన్నం నుంచి శత్రువులు వస్తారు. ఆ పోరు పురుషుల క్రీడ కాలేదు కాబట్టి శాస్త్రమూ కాలేదు. పుంజు ఈక రంగును బట్టి గెలుపోటములు చెప్పిన సంప్రదాయం రాతకెక్కింది. చచ్చిన కోడి మెడ మీది గాటును బట్టి వచ్చిన జంతువును చెప్పగలిగిన సంప్రదాయానికి ఆ గౌరవం దక్కలేదు. దాని జాడలు వెదకవలసిన మొదటి చోటు జంతువుల పేర్లే.

4. పేర్లలో నిలిచిన గుర్తింపు

పంతొమ్మిదో శతాబ్దంలో భారతీయ జంతుజాలంపై రాసిన ఆంగ్ల రచయితలు స్థానిక నామాలను శ్రద్ధగా సేకరించారు. వారిలో థామస్ జెర్డన్ తెలుగువారికి ముఖ్యుడు. మద్రాసు ప్రభుత్వంలో వైద్యుడుగా ఉన్న ఆయన నెల్లూరులో పనిచేసిన కాలంలో యానాదుల నుంచి జంతువుల పేర్లను, అలవాట్లను తెలుసుకున్నాడు. భారతదేశపు క్షీరదాలపై ఆయన రాసిన గ్రంథం 1867లో వెలువడింది. 1884లో వచ్చిన స్టెర్న్‌డేల్ గ్రంథం జెర్డన్‌ను విస్తృతంగా ఉపయోగించుకుంటూ ఆ నామసంపదను కొనసాగించింది. ఆ గ్రంథాల్లో బావురుపిల్లికి జింకపిల్లి అనీ, చెట్లెక్కే పునుగుజాతి జంతువుకు మానుపిల్లి అనీ, చిన్న నక్కకు గుంటనక్క, కొంకనక్క అనీ తెలుగు పేర్లు కనిపిస్తాయి.

ఈ పేర్లలో కొన్ని గుర్తింపు సూత్రాల వంటివి. మాను అంటే చెట్టు. మానుపిల్లి అన్న మాట ఆ జంతువు పైనుంచి, చెట్టుకొమ్మ మీదుగా ఇంటికప్పుకు చేరి వస్తుందని చెబుతుంది. గుంటనక్క అన్న మాటలో నేలలోని బొరియ స్ఫురిస్తుంది. పందికొక్కు అన్న మాట పంది వలె నేలను తవ్వే పెద్ద ఎలుకను కళ్లకు కడుతుంది. ఈ పదమే ఆంగ్లంలో 'బాండికూట్'గా మారి ప్రపంచమంతా తిరిగింది. చివరికి ఆస్ట్రేలియాలోని, దీనితో ఏ బంధుత్వమూ లేని సంచిజీవులకు కూడా ఆ పేరే పెట్టారు.

కొన్ని పేర్లు మాత్రం గుర్తింపును కప్పిపుచ్చుతాయి. 'గద్ద' అందుకు మంచి ఉదాహరణ. సంస్కృత గృధ్ర శబ్దం నుంచి గ్రద్ద, గద్ద రూపాలు వచ్చాయి. గృధ్రం అంటే కళేబరాలు తినే రాబందు. వాడుకలో గద్ద అన్నది కోడిపిల్లను తన్నుకుపోయే పక్షికి స్థిరపడింది. నల్లగద్ద, డేగ, ఎర్రని రెక్కల గరుడపక్షి అన్నీ పెరట్లో నిలబడి చూసేవారికి గద్దలే. 1931-32లో సలీం అలీ నిర్వహించిన హైదరాబాదు సంస్థాన పక్షి సర్వే ఇటువంటి పక్షులను జాతులవారీగా వేరుచేసి నమోదు చేసింది. అయితే ఆ జ్ఞానం ఆంగ్ల పత్రికలో వెలువడింది, పెరటిదాకా చేరలేదు.

5. ఆనవాళ్లు: వేళ, మిగులు, దారి

పల్లె అనుభవాన్నీ ప్రకృతి శాస్త్ర గ్రంథాలనూ కలిపి చూస్తే గుర్తింపు మూడు ప్రశ్నలపై నిలిచిందని తెలుస్తుంది. కోడి ఏ వేళ పోయింది? ఏమి మిగిలింది? వచ్చినది ఏ దారిన వచ్చింది?

వేళ: పట్టపగలు వచ్చేవి గద్ద, డేగ, కాకి, ముంగిస, ఉడుము. రాత్రివేళ వచ్చేవి మానుపిల్లి, పునుగుపిల్లి, పందికొక్కు, నక్క. బావురుపిల్లి ఎక్కువగా మునిమాపు వేళ, తెల్లవారుజామున కదులుతుంది, పగలు కనిపించడమూ అరుదు కాదు. కుక్కకూ పాముకూ ఒక నియతమైన వేళ లేదు. వచ్చినది ఎటువంటిదో కోళ్లే ముందుగా చెబుతాయి. ఆకాశంలో గద్ద నీడ కనిపించినప్పటి అరుపు వేరు, నేల మీద పిల్లి వచ్చినప్పటి కేకలు వేరు. ఈ తేడాను క్రిస్టఫర్ ఇవాన్స్, లిండా ఇవాన్స్, పీటర్ మార్లర్ 1993లో ప్రయోగాల ద్వారా నిరూపించారు. పక్షివేటగాని అరుపు వినిపిస్తే కోళ్లు ముడుచుకొని పైకి చూశాయి, నేలజంతువు అరుపు వినిపిస్తే మెడలు నిక్కించి చుట్టూ చూశాయి. పెట్ట అరుపు విని ఆకాశం వైపు చూడాలో పొద వైపు పరుగెత్తాలో తెలిసిన ఇల్లాలికి ఈ ఫలితం కొత్తది కాదు.

మిగులు: పిల్ల మాత్రమే పోయి, ఏమీ మిగలకపోతే గద్దను గాని పామును గాని అనుమానించాలి. గుడ్డు పెంకుతో సహా మాయమైతే పాము వైపు మొగ్గు ఎక్కువ. ఎదిగిన పక్షి చచ్చిపడి, తలా మెడా తడిగా ఉంటే పాము మింగబోయి, చాలక వదిలిందని అర్థం. ఒకచోట కుప్పగా పీకిన ఈకలు ఉంటే డేగ పని. కోడి మొత్తం మాయమై, పొద వరకు ఈకల జాడ సాగితే బావురుపిల్లి గాని నక్క గాని తీసుకుపోయి ఉండాలి. గూటిలో పలు కోళ్లు మెడ దగ్గర గాట్లతో చచ్చిపడి, మాంసం అంతగా తినబడకుండా ఉంటే ముంగిస వచ్చిందని చెబుతారు. ముంగిస గూటిలో చొరబడితే పలు కోళ్ల రక్తం మాత్రమే పీల్చి వదులుతుందని జెర్డన్ సైతం రాశాడు. తరువాతి కాలపు జంతుశాస్త్రం దీనికి వేరే వివరణ ఇచ్చింది. పారిపోవడానికి వీలులేని చోట వేట కదులుతూనే ఉంటే మాంసాహారి అవసరానికి మించి చంపుతుందని హాన్స్ క్రూక్ 1972లో వివరించాడు. కాబట్టి గూటిలోని హత్యాకాండకు జంతువు క్రూరత్వం కన్నా గూటి మూత ముఖ్య కారణం.

అదే దృశ్యాన్ని కుక్క మరింత చిందరవందరగా వదులుతుంది. ఒళ్లంతా కాట్లు, విరిగిన రెక్కలు, వాకిలంతా చెదిరిన ఈకలు, తినకుండా వదిలిన కళేబరాలు కనిపిస్తాయి.

దారి: కప్పు పెంకు కదిలి ఉంటే మానుపిల్లి. దాని పెంటలో పండ్ల గింజలు కనిపించడం మరో సాక్ష్యం, ఎందుకంటే అది పండ్లను ఇష్టంగా తింటుంది. గోడ మూలన కొత్త కన్నం ఉంటే పందికొక్కు. చిన్న సందు చాలు ముంగిసకు. తడక చీలినా, గూటి తలుపు తోసినా కుక్క. బురదలోని అడుగుజాడ మరింత నమ్మదగినది. పిల్లిజాతి గోళ్లను లోపలికి ముడుచుకొని నడుస్తుంది కనుక దాని జాడలో గోళ్ల గుర్తు పడదు. కుక్క, నక్క, ముంగిస జాడల్లో గోళ్లు కనిపిస్తాయి. ముంగిస జాడలో అయిదు వేళ్లు పడవచ్చు, కుక్క, నక్కల జాడలో నాలుగే.

ఈ మూడింటిలో ఏ ఒక్కటీ ఒంటరిగా సరిపోదు. మూడూ ఒకే జీవిని చూపినప్పుడే నిర్ణయం నిలుస్తుంది.

6. జరద్గవ న్యాయం

తప్పుడు గుర్తింపు ఎంత ప్రమాదకరమో చెప్పే కథ తెలుగు పాఠకులకు చిరపరిచితం. హితోపదేశంలో ఉండి, చిన్నయసూరి నీతిచంద్రిక మిత్రలాభం ద్వారా తరతరాల విద్యార్థులకు అందిన జరద్గవ కథ అది. కన్ను కానని ముసలి గ్రద్ద చెట్టుతొర్రలో ఉంటూ, ఇతర పక్షుల పిల్లలకు కాపలా కాస్తూ వాటి దయతో బతుకుతుంది. దీర్ఘకర్ణమనే పిల్లి నక్కవినయంతో చేరి, పిల్లలను ఒక్కొక్కటిగా తిని, ఎముకలను ఆ తొర్రలోనే పడవేసి జారుకుంటుంది. పక్షులు వెదికి, ఎముకలు దొరికిన చోట ఉన్న గ్రద్దను చంపుతాయి.

కులశీలాలు తెలియని వారికి చోటివ్వరాదన్న నీతికి ఈ కథను ఉదాహరణగా చెబుతారు. గుర్తింపు చరిత్ర దృష్టితో చదివితే దీనిలో ఇంకొక అంశం ఉంది. పక్షులు మూడు ప్రశ్నలలో ఒక్కదానినే, అంటే ఏమి మిగిలిందన్న దానినే, అడిగాయి. ఎముకలు దొరికిన చోటునే నేరం జరిగిన చోటుగా తీసుకున్నాయి. కళేబరం పక్కన కనిపించిన జీవినే హంతకిగా నిర్ణయించడాన్ని ఈ వ్యాసం 'జరద్గవ న్యాయం' అని పిలుస్తుంది.

పెరటిలో ఈ న్యాయం తరచుగా అమలవుతుంది. 1920ల చివరలో భారతదేశంలో గుర్తించబడి, కుమావూ కొండల్లోని ఊరి పేరుతో ప్రసిద్ధమైన రాణిఖేత్ వ్యాధి ఒక ఉదాహరణ. తెలుగు పల్లెల్లో దానిని కొక్కెర తెగులు అంటారు. తెగులు సోకిన కోడి మందగించి పొద పక్కన కూలబడుతుంది. చచ్చిన తరువాత కాకో ముంగిసో కుక్కో దానిని పీకుతుంది. తెల్లారి చూసినవారికి కనిపించేది పీకిన జంతువు, కనిపించనిది తెగులు. అప్పుడు ముంగిసకు ఉచ్చు పెట్టినా, విషం కలిపిన మాంసం పెట్టినా మిగిలిన కోళ్లు దక్కవు. వాటికి కావలసింది టీకా. పైగా ముంగిస పోతే గూటి చుట్టూ ఎలుకలు, పాములు పెరగడానికి ఒక అడ్డు తగ్గుతుంది.

7. పరిశోధనశాల దృష్టిలో వేటజీవి

ఇరవయ్యో శతాబ్దం ఉత్తరార్ధంలో హైదరాబాదు పరిసరాలు దేశంలోని ప్రధాన కోళ్ల పరిశ్రమ కేంద్రాల్లో ఒకటిగా ఎదిగాయి. కంచె, జాలీ, షెడ్డు ఉన్న ఫారంలో వేటజీవి సమస్య దాదాపు తొలగిపోయింది. దానితో పాటు వేటజీవుల గురించి ఆలోచించే అవసరమూ పరిశ్రమకు లేకపోయింది. పెరటికోడిని తిరిగి శాస్త్ర పరిధిలోకి తెచ్చిన సంస్థ నాదర్‌గుల్‌కు పశ్చిమాన రాజేంద్రనగర్‌లో ఉంది. 1988లో ప్రారంభమైన కోళ్ల పరిశోధన ప్రాజెక్టు డైరెక్టరేట్, నేటి కోళ్ల పరిశోధన డైరెక్టరేట్, పెరటి పెంపకం కోసం వనరాజా, గ్రామప్రియ రకాలను రూపొందించింది.

ఈ రకాల లక్షణాల్లో గుడ్ల సంఖ్య, బరువు మాత్రమే కాక రంగురంగుల ఈకలు, పొడవైన కాళ్లు కూడా లెక్కకు వచ్చాయి. తెల్లకోడి పెరట్లో దూరం నుంచే కంటపడుతుంది, మచ్చల ఈకలు పొదలో కలిసిపోతాయి. పొడవైన కాళ్లు పరుగుకు అక్కరకొస్తాయి. అంటే గద్ద, పిల్లి, కుక్క పేర్లు రాయకపోయినా వాటి ఉనికి ఆ కోడి శరీరంలో లెక్కగా చేరింది. నాటుకోడి తరతరాల వేట ఒత్తిడిలో సంపాదించుకున్న గుణాన్ని శాస్త్రం గుర్తించి తిరిగి నిర్మించిన సందర్భం ఇది. ఇల్లాలి జ్ఞానం మాత్రం ఈ నిర్మాణంలో ఇంకా చోటు వెదుక్కుంటూనే ఉంది.

8. మారిన నేల, మారని నింద

2008లో శంషాబాదు విమానాశ్రయం ప్రారంభం కావడం, బాహ్యవలయ రహదారి ఏర్పడడం, తరువాత ఆదిభట్ల వైపు సంస్థలు రావడం వల్ల నగరపు ఆగ్నేయ దిశలో పొలాలు ప్లాట్లయ్యాయి. రాతిగుండ్లు పగిలాయి, పొదలు తగ్గాయి. బావురుపిల్లికీ నక్కకూ దాగే చోటు కుదించుకుపోయింది. మరోవైపు మాంసపు దుకాణాల వ్యర్థాలు, ఖాళీ ప్లాట్లలోని చెత్త వీధికుక్కకు, నల్లగద్దకు, పందికొక్కుకు ఆహారమయ్యాయి. నగరపు అంచున పెరటికోడికి ఎదురయ్యే జీవుల వరుస ఈ విధంగా మారింది.

జరద్గవ కథకు దీనిలో విషాదకరమైన కొనసాగింపు ఉంది. 1990ల నుంచి దేశమంతటా రాబందుల సంఖ్య తొంభై శాతానికి పైగా పడిపోయింది. పశువులకు ఇచ్చే డైక్లోఫెనాక్ మందు కళేబరాల ద్వారా వాటిని చంపుతున్నదని 2004లో తేలింది. 2006లో పశువైద్యంలో ఆ మందును నిషేధించారు. రాబందులు తినవలసిన కళేబరాలు కుక్కలకు మిగిలి వాటి సంఖ్య పెరగడానికి దోహదం చేశాయని పరిశోధకులు వివరించారు. కథలో నింద మోసి చచ్చిన పక్షి వాస్తవంలోనూ మాయమైంది. దాని చోటు తీసుకున్న జంతువే నేడు కోళ్లగూటి ముందు నిలిచింది.

అయినా నింద పాతదారినే పోతుంది. కుక్క అందరికీ తెలిసినది, పగలు వాకిట్లో పడుకునేది. బావురుపిల్లి, మానుపిల్లి అపరిచితాలు. ఎన్నడో ఒకసారి కంటపడిన అపరిచిత జంతువు మీద అనుమానం తేలికగా వాలుతుంది. మానుపిల్లిని చిరుతపిల్లగా భ్రమించి ఊరు బెదిరిపోవడమూ ఈ అపరిచయ ఫలితమే. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం బావురుపిల్లి, ముంగిస, ఉడుము, నక్క రక్షిత జీవులు. వాటిని చంపడం శిక్షార్హం. వీధికుక్కల నియంత్రణకు 2001లో, తిరిగి 2023లో ప్రత్యేక నిబంధనలు వచ్చాయి. ఏ జంతువు వచ్చిందన్న ప్రశ్నకు సమాధానం మారితే అటవీశాఖను ఆశ్రయించాలా, పురపాలక సంఘాన్నా, పశువైద్యుణ్ణా అన్నదీ మారుతుంది. కనుక ఒకప్పుడు ఇంటి గడప దాటని గుర్తింపు నేడు పౌర వ్యవహారం కూడా అయింది.

9. ముగింపు

ఈ పరిశీలనలో తేలిన అంశాలు:

• పెరటికోళ్లపై దాడిచేసే జీవులను గుర్తించే జ్ఞానం తెలుగులో గ్రంథరూపం పొందలేదు. మానుపిల్లి, గుంటనక్క, పందికొక్కు వంటి పేర్లలో దాని సారం నిలిచింది. జెర్డన్, స్టెర్న్‌డేల్ గ్రంథాలు ఆ నామసంపదలో కొంత భాగాన్ని కాపాడాయి.

• వేళ, మిగులు, దారి అన్న మూడు ఆనవాళ్లు కలిసినప్పుడే గుర్తింపు నమ్మదగినది. ఒక్క ఆనవాలుపై తీర్పు చెప్పడం జరద్గవ న్యాయమే అవుతుంది.

• రోగంతో చచ్చిన కోడిని వేటజీవి చంపిన కోడిగా పొరబడడం వల్ల టీకా అందవలసిన చోట ఉచ్చు పడుతుంది. దీనివల్ల కోళ్లూ దక్కవు, రక్షిత జంతువూ మిగలదు.

• నాదర్‌గుల్ వంటి నగరపు అంచు గ్రామాల్లో పొద జంతువుల చోటు తగ్గి వీధికుక్క చోటు పెరిగింది. జంతువుల పట్ల పరిచయం మాత్రం ఈ మార్పును అనుసరించలేదు.

వెదురుతడక గట్టిగా అల్లడం, రాత్రి గూటికి మూత వేయడం, పిల్లలున్న పెట్టను గంప కింద కమ్మడం, తెగులుకు టీకా వేయించడం దాదాపు ఏ జంతువు వచ్చినా పనికొచ్చే రక్షణలు. వాటికి తోడుగా కోళ్లు పెంచే స్త్రీల దగ్గర ఉన్న గుర్తింపు జ్ఞానాన్ని ప్రాంతాలవారీగా, వారి మాటల్లోనే నమోదు చేయడం స్థానిక చరిత్ర పరిశోధకులు, భాషా పరిశోధకులు కలిసి చేయవలసిన పని. నగరం ఈ పెరళ్లను పూర్తిగా కలుపుకోకముందే అది జరగాలి.